గట్టు మీద రేడియో

బూస్టరు బిగించి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఫోను మోగేసరికి రామదాసుకి ఒళ్ళు మండిపోయింది. పేరు చూడనక్కర్లేదు. గోరేబాళ దగ్గర, కాలువ కింద సేద్యానికొచ్చి స్థిరపడ్డ ఆంధ్రావాళ్ళ క్యాంపు నుంచి వెంకటరత్నమ్మగారు. ఈ వారంలో ఇది నాలుగోసారి. రేడియోలో మనిషి గొంతు కాస్త కూడా పెరగలేదనీ, మోత మాత్రం రెండింతలైందనీ, సాయంత్రం వార్తల్లో ఒక్క ముక్క వినపడితే ఒట్టనీ ఆవిడ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది.

"నువ్వు పెట్టింది రేడియోకి బలమిచ్చే పెట్టె కాదు నాయనా, ఆ మోతకి బలమిచ్చే పెట్టె," అంది చివరికి.

సరిగ్గా ఆ మాటే కదా తను మొన్న చెప్పింది. మస్కిలో బస్టాండు వెనక సందులో రామదాసుకి రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. ఇప్పుడు అందులోకి వచ్చేవి మిక్సీలూ ఫ్యాన్లే అయినా, రేడియో అంటే ఆయనకి ఇంకా భక్తే. బూస్టరుకి గొంతేదో మోతేదో తెలియదు, తీగలోకి ఏది వస్తే దాన్ని పెంచి ఇస్తుంది, ముందు ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి అని ఆవిడకీ, ఆవిడ కొడుకు శివాజీకీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. శివాజీ ఫోను మీద వేలు ఆడిస్తూ, అవన్నీ మాకెందుకు, బూస్టరు పెట్టెయ్యి, అమ్మ నా బుర్ర తినేస్తోంది అన్నాడు. సరేనని పెట్టాడు. మోత రెండింతలైంది. కాక ఇంకేమవుతుంది? ఈ లోకంలో జనం మెకానిక్కుని పిలుస్తారు గాని మెకానిక్కు చెప్పేది వినరు.

ఫోను వచ్చేటప్పటికి రామదాసు దుకాణంలో లేడు. తన మూడెకరాల చేను గట్టు మీద గొంతుక్కూర్చుని, మడిలో పడ్డ నెర్రెలోకి వేలు దూర్చి చూస్తున్నాడు. వేలు మొత్తం దిగినా అడుగున చల్లదనం తగల్లేదు. రెండో పంట వరి. వెన్నులు బయటికొచ్చాయి, గింజ పాలు పోసుకుంటోంది. ఒక గింజ తుంచి గోళ్ళ మధ్య నొక్కాడు. చిక్కగా రావాల్సిన పాలు నీళ్ళలా ఒక్క చుక్క వచ్చి ఆగింది. ఈ వారంలో ఒక్క తడి అందితే పంట చేతికొస్తుంది. అందకపోతే మూడెకరాలూ తాలే. ఆపైన ఇంకో పన్నెండు రోజులకి కాలువే కట్టేస్తారు.

కాలువకి చిట్టచివరి ఊరు వాళ్ళది. ఊరి తూము దగ్గర తడి బురద, ఆ బురదలో నత్తగుల్లలు తప్ప ఇంకేమీ లేవు. ఊరంతా కలిసి రెండు అర్జీలు ఇచ్చారు, కాలువ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. పైన నీళ్ళు నిండుగా వదిలామని అక్కడ చెప్తారు. అదీ నిజమే. మధ్యలో పై ఊళ్ళవాళ్ళు కాలువలో మోటార్లు దించి తోడేసుకుంటున్నారని పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఎవరివి, ఎక్కడున్నాయి అని అడిగితే మాత్రం ఎవ్వరూ చూసినవాళ్ళు కారు.

భార్య హుచ్చమ్మ గట్టు పక్కన గడ్డి కోస్తూ ఆ ఫోను మాటలన్నీ వింది. కొడవలి ఆపకుండానే, "ఎవరిదో రేడియో మొత్తుకుంటే ఉరుకుతవు. మన చేను మొత్తుకుంటలేదు గద, అందుకే నీకు ఇనపడ్తలేదు," అంది.

రామదాసు వేలికంటిన మట్టి దులుపుకుని లేచాడు. చేను దగ్గర కూర్చున్నా నీళ్ళు రావు, వెళ్ళకపోతే ఆ ముసలమ్మ ఊరుకోదు. మొహం మాడ్చుకుని మోపెడ్ ఎక్కాడు.

*

క్యాంపులో ఆ ఇంటి డాబా పిట్టగోడకి రెండు బారల దూరంలోనే కరెంటు తీగలు వెళ్తాయి. అందుకని డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టి ఏరియల్ కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. రామదాసే దానికి బదులు చెక్క చట్రం ఒకటి చేసి, దాని చుట్టూ రాగి తీగ పదమూడు చుట్లు చుట్టి, హాల్లో క్యాలెండరు ఉండే మేకుకి తగిలించాడు. దాని కింద కొత్త బూస్టరు. దాని కింద బల్ల మీద రేడియో. వెంకటరత్నమ్మగారికి కళ్ళు దాదాపు పోయాయి. టీవీ ఆవిడకి ఒట్టి వెలుతురు. మనవరాలు శ్రావ్య తన ఫోనులో స్టేషన్లు పెట్టిచ్చింది గాని, ఆ ఫోను శ్రావ్యతో పాటే కాలేజీకి వెళ్ళిపోతుంది. ఇక మిగిలింది ఈ రేడియో, అందులో అంత దూరం నుంచి సన్నగా వచ్చే హైదరాబాదు స్టేషను.

రామదాసు రేడియో పెట్టగానే హాలంతా బర్రుమని మోత నిండిపోయింది. అడుగున ఎక్కడో ఒక ఆడమనిషి గొంతు మునిగిపోతూ ఏదో చెప్తోంది. బూస్టరు తీగ పీకేశాడు. మోత తగ్గింది, గొంతు పూర్తిగా పోయింది.

ఇది ఎప్పుడు మొదలవుతుందమ్మా అని విసుగ్గానే అడిగాడు. ఇలా అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, ఎప్పుడూ వస్తూనే ఉంటుంది అంటారు. ఆవిడ మాత్రం తడుముకోలేదు. పొద్దున్న ఆరు కొట్టిన కాసేపటికి మొదలు, మధ్యాహ్నం రెండింటికి ఆగుతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి వచ్చి ఏడింటి దాకా. ఆదివారం కూడా సెలవు లేదు. మొన్న బుధవారం పొద్దున్న అసలు రాలేదు, ఆ రోజు చేలకిచ్చే కరెంటు లేదని శివాజీ అనుకుంటుంటే విన్నానంది.

రామదాసు ఆవిడ వంక కొత్తగా చూశాడు. ముప్ఫై ఏళ్ళలో ఇంత శుభ్రంగా జబ్బు చెప్పిన మనిషి ఆయన దుకాణం మెట్టెక్కలేదు. ఇంటి మెయిన్ ఆపేసి, రేడియోకి సెల్లులు వేసి పెట్టాడు. మోత అలాగే ఉంది. అంటే ఇంట్లో వైరింగుది కాదు. చేలకి త్రీఫేజు కరెంటు వచ్చినప్పుడే ఇదీ వస్తోంది. లైను మీద ఎక్కడో ఒక అతుకు వదులై, నిప్పురవ్వలు రాలుస్తోంది.

తన సంచిలోంచి పాత చేతి రేడియో తీశాడు. మోత గట్టిగా ఉన్న చోట ముల్లు నిలిపి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, మెల్లగా తిరిగాడు. తూర్పుకి తిరిగితే బర్రుమంది. ఆగ్నేయానికి వచ్చేసరికి తగ్గింది. ఇంకాస్త తిప్పితే ఒక్కచోట నోరు నొక్కినట్టు ఆగిపోయింది. లోపల నల్లటి కడ్డీ ఒకటి ఉంటుందనీ, దాని మొన మోత పుట్టే చోటుకేసి సూటిగా చూస్తే రేడియోకి ఆ మోత వినపడదనీ ఆవిడకి చెప్పాడు. చెప్తున్నంతసేపూ, ఇదంతా ఎవరికి కావాలిలే అనే అనుకున్నాడు.

"అంటే, నోరు మూసుకున్న వైపే దొంగ ఉన్నట్టా?" అంది వెంకటరత్నమ్మగారు.

"గట్లనే అనుకోండమ్మా," అన్నాడు రామదాసు. ఆయనకి మొదటిసారి కాస్త ఉత్సాహం వచ్చింది.

తనూ వస్తానంది ఆవిడ. ఎండెక్కుతుంది, గట్టు మీద ముళ్ళుంటాయి, కనపడదు కదా అని ఎన్ని చెప్పినా వినలేదు. కనపడకపోతేనేం, వినపడుతుంది కదా అంది. కొంగు నెత్తిన కప్పుకుని, కర్ర పుచ్చుకుని ముందే బయల్దేరింది. శివాజీ పొద్దున్నే సింధనూరు వెళ్ళాడు, ఆపడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఇంటి వెనక చేల మీదుగా కాలువ గట్టెక్కారు. కాలువ నిండుగా, బురద రంగులో, ఒడ్డు ఒరుసుకుంటూ పారుతోంది. తన ఊళ్ళో ఈ కాలువకి అడుగున నత్తగుల్లలు చూసొచ్చిన కళ్ళతో ఆ నీళ్ళని చూసేసరికి రామదాసు ఆగి, ఒంగి ఒక్క దోసెడు ముంచి వదిలేశాడు. నాలుగడుగులు వేసి ఆగడం, రేడియో తిప్పడం, మోత ఆగిన దిక్కు చూసుకోవడం, మళ్ళీ నడవడం. అలా నడుస్తుంటే మొదటి గొట్టం కనిపించింది. తుంగ కప్పేసి ఉంది గాని నల్లటి గొట్టం మూతి నీళ్ళలోకి దిగే ఉంది. తర్వాత ఇంకొకటి, గడ్డివాము చాటున. తర్వాత ఒకదాని పక్కన ఒకటి మూడు. ఇన్నాళ్ళూ వినడమే. కళ్ళతో చూస్తే వేరుగా ఉంది. ఒక్కొక్క గొట్టం దాటుతుంటే తన మడిలో ఒక్కొక్క నెర్రె ఆయనకి గుర్తొచ్చింది.

ధర్మతేజ అనే క్యాంపు కుర్ర రైతు మోటారు సైకిలు మీద ఎదురొచ్చి ఆపాడు. వెంకటరత్నమ్మగారికి దణ్ణం పెట్టి, చెవి దగ్గర డబ్బా పెట్టుకుని తిరుగుతున్న రామదాసుని కింది నుంచి పై దాకా చూశాడు. ఆ మిషనేంటని అడిగాడు. రామదాసుకి సరిగ్గా అప్పుడే మోత ఆగిన చోటు దొరికింది, మాటల్లో పెడితే జారిపోతుంది.

"లైన్ల గడబిడ యాడ ఉందో పట్టేది," అన్నాడు తల ఎత్తకుండా.

ధర్మతేజ ఇంకేమీ అడగలేదు. బండి అక్కడే వెనక్కి తిప్పుకుని, వచ్చినదానికంటే వేగంగా పోయాడు. రామదాసు అదేమీ పట్టించుకోలేదు.

నాలుగో స్తంభం దగ్గర రేడియో ఎటు తిప్పినా మోత ఆగలేదు. అంటే చోటు అదే. తలెత్తి చూశాడు. పైన తీగల మీద దొంగ కరెంటు లాగడానికి వేసిన మూడు కొక్కేలు వేలాడుతున్నాయి. అందులో ఒకటి కాలి నల్లబడిపోయి, గాలికి ఊగినప్పుడల్లా చిటచిటమంటోంది. వాటి తీగలు సర్కారు తుమ్మ పొదలోకి దిగాయి. పొద మీద నీలం పట్టా. పట్టా కింద మోటారు ఊపిరి సలపకుండా తిరుగుతోంది. చేతి మందం గొట్టంలోంచి నీళ్ళు చేలోకి దూకుతున్నాయి.

"మోటారమ్మా," అన్నాడు రామదాసు.

ఆవిడ మాట్లాడకుండా కర్ర పక్కన పెట్టి, చేతులు చాచి పట్టా అంచు తడిమింది. అక్కణ్ణుంచి స్టార్టరు పెట్టె మీదికి చెయ్యి పోయింది. మూత మీద పసుపు ఎండి పొరలు కట్టి ఉంది, నడుమ కుంకుమ బొట్టు. వేళ్ళతో ఆ బొట్టు చుట్టూ రెండుసార్లు తడిమింది. దసరాకి ఇంట్లో పనిముట్లన్నిటికీ పసుపు రాసింది ఆవిడే. బోరు ఎండిపోయింది, మోటారు అమ్మేశానని సంక్రాంతి ముందే కొడుకు ఆవిడకి చెప్పాడు.

ఎర్ర బొత్తాం ఎక్కడుందని అడిగింది. రామదాసు చూపించాడు. ఆవిడే నొక్కింది. మోటారు గుర్రుమని ఆగింది, గొట్టంలోంచి నీళ్ళు తగ్గి తగ్గి చుక్కలయ్యాయి. రామదాసు చేతిలో రేడియో ఒక్కసారిగా శుభ్రమైపోయి, హైదరాబాదులో ఎవరో ఒకాయన వేరుశెనగలో ఆకుమచ్చ తెగులు గురించి నింపాదిగా చెప్పడం మొదలెట్టాడు. ఇద్దరూ అది వింటూ కాసేపు అలాగే నిలబడ్డారు.

*

శివాజీ పన్నెండింటికి వచ్చాడు. తల్లి ఏమీ అనకముందే గట్టు మీది సంగతి అతనికి తెలిసిపోయింది. కోప్పడలేదు. కాళ్ళు కడుక్కుని, కుర్చీ లాక్కుని, అన్నం పెట్టమన్నాడు. రామదాసుకి కూడా విస్తరి వెయ్యమన్నాడు. రామదాసు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

మోత కొక్కెం దగ్గర వస్తోందంటే అంతకంటే తేలికేముంది, మంచి క్లాంపు వేసి బిగించెయ్యి, నీకది రాని పనా అని అడిగాడు శివాజీ. అమ్మకి రేడియో బాగవుతుంది, నాకు మోటారు కాలిపోదు అన్నాడు. అతను నిజంగానే అంతే అనుకుంటున్నాడు. అది చూసి రామదాసుకి కోపం కూడా రాలేదు.

"నా పని రేడియో కాడికే సావ్కార్," అన్నాడు. "ఆ కొక్కెం నేను ముట్ట. మీ గొట్టంల పడే నీళ్ళు మా ఊరియి."

శివాజీ ఏ ఊరని అడిగాడు. రామదాసు చెప్పాడు. ఎన్ని ఎకరాలని అడిగాడు, అదీ చెప్పాడు. శివాజీ ముద్ద కలుపుకున్నాడు.

"చూడు రామదాసూ. నేనొక్కణ్ణి తీసేస్తే ఆ నీళ్ళు మీ ఊరు వస్తాయనుకుంటున్నావా? కింద ధర్మతేజ మోటారుంది. వాడు తీస్తే వాడి కింద ఇంకో పాతిక ఉన్నాయి. నా చేను ఎండుతుంది తప్ప నీ చేను తడవదు. కాదంటే చెప్పు, ఇప్పుడే పీకేస్తా."

కాదని ఎలా అంటాడు. ఆ గొట్టాలన్నీ ఇందాకే చూసొచ్చాడు. రేడియోలో ఎక్కడ అతుకు పోయిందో తెలిస్తే టంకం పెట్టి సరిచెయ్యొచ్చు. మైళ్ళ పొడుగునా పోయిన అతుకులకి ఎక్కడ టంకం పెడతాడు? వెంకటరత్నమ్మగారు గోడకి ఆనుకుని కూర్చుని అంతా వింది. కొడుకునేమీ అనలేదు. మారు వడ్డించడానికి మాత్రం లేవలేదు. రామదాసు సంచి భుజాన వేసుకుని అన్నం తినకుండా వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి హుచ్చమ్మ ఒక వింత చెప్పింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి కాలువలో జానెడు నీళ్ళు వచ్చాయట. ఊళ్ళో సగం మంది పారలు పట్టుకుని పరిగెత్తారట. తూము ఎక్కకుండానే పొద్దుగూకే సరికి మళ్ళీ తగ్గిపోయాయి. శివాజీ మోటారు ఒక్కటి ఆగితే జానెడు నీళ్ళు ఇంత దూరం రావు కదా అని రామదాసు ఆలోచించాడు. ఏమీ తోచక పడుకున్నాడు.

*

మూడో రోజు మళ్ళీ ఫోను. రేడియో అద్దంలా వినపడుతోంది అంది వెంకటరత్నమ్మగారు. శివాజీ సింధనూరు నుంచి ఎవరినో తెచ్చి క్లాంపులు వేయించాడు, మోటారు తిరుగుతూనే ఉంది, మోత మాత్రం లేదు. అలాగైతే ఇంక నాతో పనేముందమ్మా అన్నాడు రామదాసు. గొంతులో చిరాకు దాచుకునే ఓపిక ఆయనకి పోయింది. గింజ నొక్కితే ఈ పొద్దున ఆ ఒక్క చుక్క కూడా రాలేదు.

"పని ఉంది. నీ చేతి రేడియో తీసుకుని రా," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

వెళ్ళేసరికి కొంగు కప్పుకుని కర్రతో అరుగు మీద సిద్ధంగా ఉంది. మొన్న మనం గట్టు దిగి రాగానే ఏం జరిగిందో తెలుసా అని అడిగింది. కూలికి వచ్చే ఆడవాళ్ళు చెప్పారట. కరెంటు దొంగతనం పట్టే మిషను తెచ్చారని ధర్మతేజ క్యాంపంతా తిరిగి చెప్పాడు, గంటలో పదిహేను మోటార్లు పైకి లాగి గడ్డి కప్పేశారు, సాయంత్రం దాకా ఎవరూ రాకపోయేసరికి మళ్ళీ దించారు. రామదాసుకి జానెడు నీళ్ళ లెక్క అప్పుడు తెగింది.

"అందుకని ఇవాళ మనం మళ్ళీ నడుస్తున్నాం. రేపూ, ఎల్లుండీ," అంది ఆవిడ.

రామదాసు తల పట్టుకున్నాడు. ఇది రేడియో అమ్మా, ఇందులో ఇప్పుడు మోత కూడా లేదు, క్లాంపు వేశాక ఇది ఏ మోటారునీ పట్టదు, లేని మాట చెప్పి నేను తిరగలేను, అది నా వల్ల కాదు అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా రేడియో అంటే ఏమిటో జనానికి విడమరిచి చెప్పడానికే ఆయన గొంతు అరగదీసుకున్నాడు.

"లేని మాట ఎవరు చెప్పమన్నారు? ఎవరేం అడిగినా ఉన్నదే చెప్పు. నడవడానికి కూడా అబద్ధం కావాలా?"

గట్టెక్కారు. రామదాసు రేడియో పెట్టాడు. హైదరాబాదులో ఎవరో వీణ వాయిస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ, అలవాటు కొద్దీ నాలుగడుగులకోసారి ఆగి రేడియో తిప్పాడు. రెండో తూము దగ్గర ఒక రైతు ఎదురై అదేంటని అడిగాడు.

"రేడియో," అన్నాడు రామదాసు.

రైతు నవ్వాడు. అలాగే సార్, రేడియోనే, మేం మాత్రం ఇంకేమన్నామా అని పక్కకి తప్పుకుని దారిచ్చాడు. రామదాసు ఆగి, నిజంగానే రేడియో, కావాలంటే వినమని అతని చెవి దగ్గర పెట్టబోయాడు. అతను కరెంటు తీగ చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకో చోట ఒకాయన, వీణ పాట పెట్టి జనాన్ని ఏమారుస్తారా అని మెచ్చుకోలుగా అన్నాడు. రామదాసుకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన నిజం చెప్పే కొద్దీ వాళ్ళకి భయం పెరుగుతోంది. వెనక నుంచి వెంకటరత్నమ్మగారి కర్ర చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది.

వంతెన దగ్గర ఏడెనిమిది మంది పోగయ్యారు. ధర్మతేజ ఉన్నాడు. వాళ్ళ మధ్యలో శివాజీ ఉన్నాడు. అతన్ని చూడగానే రామదాసు రేడియో చెవి మీంచి దించేశాడు. ఇక్కడితో అయిపోయింది. ఈ డబ్బా ఏమిటో ఈ గట్టు మీద తెలిసినవాడు ఇతనొక్కడే.

ధర్మతేజ శివాజీ వైపు తిరిగాడు. "బాబాయ్, ఈయన మీ ఇంటికొచ్చే మనిషే కదా. రేడియో అంటున్నాడు. నిజం చెప్పు. ఇది మోటార్లు పడుతుందా లేదా?"

శివాజీ నోరు తెరిచాడు. అతను జవాబు వెతుక్కునే లోపలే తల్లి ముందుకొచ్చింది. చూపు ఆనకపోయినా, గొంతు ఎటు నుంచి వస్తుందో అటే మొహం పెట్టి నిలబడింది.

"చెప్పరా శివాజీ. మొన్న ఇది మన కొక్కెం దగ్గరే కదా గీపెట్టింది? మన మోటారు దగ్గరికే కదా నన్ను తీసుకెళ్ళింది?"

అందరూ శివాజీ వైపు తిరిగారు. శివాజీ మొహం కందిపోయింది. అమ్మకి మోటారు అమ్మేశానని చెప్పిన కొడుకు, అదే అమ్మ ముందు, క్యాంపు అందరి ముందు నిలబడ్డాడు.

"అది రేడియోనే గాని…" అన్నాడు.

"రేడియోనో ఇంకోటో. మీ కొక్కెం దగ్గర మోగిందా, మోగలేదా?" అన్నాడు ధర్మతేజ.

శివాజీ తల్లి మొహంలోకి చూశాడు. ఆవిడ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని వింటోంది.

"మోగింది," అన్నాడు.

అంతే. ధర్మతేజ అప్పటికే బండి తిప్పుతున్నాడు. మిగతావాళ్ళు తలొక దారీ పట్టారు. శివాజీ పంచె ఎగ్గట్టుకుని తుమ్మ పొద వైపు నడిచాడు. అందరి మోటార్లూ పైకొస్తుంటే తనది ఒక్కటే నీళ్ళలో ఉంచే మొహం అతనికి లేదు. గొట్టం ఊడదీయడానికి పాలేర్లని కేకేస్తున్న గొంతు వంతెన దాకా వినపడింది. వెంకటరత్నమ్మగారు అది విని, ఒక నిట్టూర్పు విడిచి, ఇంకో మైలు నడుద్దాం పద అంది. రామదాసు రేడియో చెవి దగ్గర పెట్టుకుని నడిచాడు. ఇంక ఎవరూ అదేంటని అడగలేదు.

*

వరసగా మూడు రోజులు నడిచారు. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఊరి తూములో నీళ్ళొచ్చాయి. నురుగూ, గడ్డిపరకలూ, ఎవరిదో ప్లాస్టిక్ చెప్పూ ముందు తోసుకుంటూ వచ్చి, నెర్రెల్లో గుడగుడమని దిగాయి. అర్జీలు పనిచేశాయని ఊళ్ళో అందరూ అనుకున్నారు. మూడో అర్జీ కూడా ఇవ్వాలని రచ్చకట్ట మీద అప్పుడే మాట్లాడుకుంటున్నారు. రామదాసు హుచ్చమ్మకి జరిగింది చెప్పబోయాడు. లోపల నల్ల కడ్డీ ఒకటి ఉంటుంది, దాని మొన అని మొదలెట్టేసరికి ఆమె, అవన్నీ తర్వాత, ముందు ఆ మూల గట్టు కారుతోంది చూడు అంది.

మధ్యాహ్నానికి మూడెకరాలూ నిండాయి. మడిలో దిగితే పిక్కల దాకా చల్లగా ఉంది. రామదాసు అందులో అలాగే నిలబడ్డాడు. వారం రోజుల చిరాకంతా పాదాల్లోంచి దిగిపోతున్నట్టనిపించింది. అప్పుడు చూశాడు, కింది చేను నింగప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పార పక్కన పెట్టుకుని పొద్దున్నించీ అక్కడే ఉన్నట్టున్నాడు. అతనికీ రెండెకరాల వరే. రామదాసు తన మడిలోకి నీళ్ళు దిగే మడవ మూస్తే గాని అతనికి చుక్క దిగదు.

నింగప్ప చూపు మడవ మీదే ఉంది. చూస్తున్నాడంతే.

"ఇంకో రెండు వేళ్ళ ఎత్తు ఎక్కనీయ్ నింగప్పా," అన్నాడు రామదాసు. "మల్ల వస్తయో రావో ఎవరికెరుక."

నింగప్ప అలాగేనన్నట్టు తలాడించాడు. కాదనే హక్కు లేనివాడు ఎలా తలాడిస్తాడో అలా ఆడించాడు. అర్జీలిచ్చిన ఆఫీసు బయట తనెన్నిసార్లు అలా తలాడించాడో రామదాసుకి తెలుసు. నీళ్ళు తన మడిలోకి బిరబిర దిగుతున్నాయి. చేను మొత్తం తడిసింది, కావాల్సిన ఒక్క తడి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు పడుతున్నది పైపైనే నిలిచే నీళ్ళు.

ఆయన ఒడ్డుకొచ్చి పార తీసుకున్నాడు. తడి మట్టి నాలుగు పారలు తవ్వి మడవలో వేసి, కాలితో గట్టిగా తొక్కాడు. నీళ్ళు ఒక్క క్షణం అక్కడే తిరుగుళ్ళు పడి, పక్క పిల్లకాలువలోకి మళ్ళాయి. నింగప్ప లేచి తన మడవ తీయడానికి పరిగెత్తాడు.